కట్టడి రోజు ముఖాముఖి

రాములమ్మ మందలో మొదటి గొర్రె చచ్చిన రోజే పశువుల డాక్టరు వచ్చి చూసి ఒక్క మాట తేల్చి చెప్పిపోయాడు. ఇది పారుడు రోగం. ముక్కు కారుతున్నవాటినీ, పారుతున్నవాటినీ ఇక్కడే ఉంచండి. బాగున్నవాటికి సూది వేశాను గానీ అది ఒంటికి పట్టడానికి కొన్నాళ్ళు పడుతుంది. అందాకా వాటిని వేరే మేతకు, వేరే నీళ్ళకు తోలండి. కలిపి ఉంచారో, మళ్ళీ నేనొచ్చేసరికి దొడ్డిలో పెంటికలు తప్ప ఏమీ మిగలవు.

ఆయన చెప్పడం బాగానే చెప్పాడు. బోడిగుట్టపల్లెకు వేరే మేత, వేరే నీళ్ళు ఉన్నది ఒక్కచోటే, గుట్ట వెనక బీడులో. అందులో వానకు నిండే కుంట కూడా ఉంది. తాతల కాలం నుంచి పల్లె జీవాలన్నీ అక్కడే మేసేవి. రెండేళ్ళ కిందట పంచాయతీ ఆ బీడును పలకరాయి తవ్వుకోవడానికి ఎవరికో రాసిచ్చింది. ఆ ఎవరో ఎవరని అడిగితే ఒంగోలు కంపెనీ అన్నారు. తవ్వింది లేదు, రాయి తీసింది లేదు. చుట్టూ ముళ్ళకంచె, ముందు ఇనుప గేటు, గేటుకు ఒక పెద్ద తాళం మాత్రం వచ్చాయి.

రోగం వచ్చిన వేళకే సర్పంచి ఎన్నికలు కూడా వచ్చాయి. బీడును రాసిచ్చినప్పుడు సర్పంచిగా ఉన్న మురళీధర్ మళ్ళీ నిలబడ్డాడు. అతనికి పోటీగా నిలబడినవాడు శివకృష్ణ, దర్శిలో ఎరువుల దుకాణం ఉన్న కుర్రవాడు. ఇద్దరిదీ పెద్దూరే. పెద్దూరు ఓట్లు సగం సగం చీలిపోయాయి కాబట్టి గుట్ట కింది పల్లె ఎటు మొగ్గితే కుర్చీ అటు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట వెనకటికి ఒకడు. అట్లా ఇద్దరూ మార్చి మార్చి వచ్చి, చచ్చిన గొర్రెల పక్కనే నిలబడి ఓట్లడిగి పోయేవారు.

రాములమ్మ ఇద్దరినీ ఒకటే అడిగింది, గేటు తీయించమని. గెలిచిన మర్నాడే తీయిస్తానన్నాడు మురళీధర్. గేటు వేసినవాడు తీస్తాడా అత్తా, నేనొస్తే తీస్తానన్నాడు శివకృష్ణ. ఇద్దరూ తీస్తామనే అంటున్నారు, మరి తీయడానికి అడ్డమేమిటో ఆమెకు అర్థం కాలేదు.

"వాకిట్లో ఒక మాట, వాకిలి దాటినాక ఇంకో మాట చెప్పేవాళ్ళు వీళ్ళు" అంది మొగుడు ఓబులయ్యతో. "ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటా చెప్పమనాల. అప్పుడు తేలుతాది."

పల్లె పెద్దమనిషి ఆదెయ్యకు ఆ మాట నచ్చింది. ఆదివారం బడి ముందర ముఖాముఖి అని ఇద్దరికీ కబురు పెట్టాడు. ఇద్దరూ సరేనన్నారు. ఆదివారం పొద్దున మురళీధర్ మనిషి వచ్చి, జీవాలు చస్తుంటే మీటింగులు పెట్టడం పాపమన్నాడు, అన్న మనసు మంచిది కాబట్టి వద్దన్నాడన్నాడు. బుధవారానికి మార్చారు. బుధవారం శివకృష్ణ ఫోను చేసి, ఎన్నికల కోడ్ అమల్లో ఉంది, పర్మిషన్ లేకుండా ఇద్దరం ఒక మైకు ముందు కూర్చుంటే కేసవుతుందన్నాడు. మూడోసారి మురళీధర్ వస్తే తాను వస్తానని శివకృష్ణ, శివకృష్ణ వస్తే తాను వస్తానని మురళీధర్. ఆ పూట ఎవరూ రాలేదు. బడి ముందర వేసిన కుర్చీల్లో కోళ్ళు ఎక్కి కూర్చున్నాయి.

ఇక్కడ వాయిదా పడ్డ ప్రతి పూటా రాములమ్మ దొడ్డిలో ఒకటో రెండో నేలకు ఒరుగుతూనే ఉన్నాయి. రోగం వాయిదాలు అడగలేదు. పిల్లలు లేని ఇల్లు ఆమెది. మందే కడుపు, మందే కూడు. మిగిలినవి మందలో సగం. అవి కూడా పోతే ఈ వయసులో ఓబులయ్య మార్కాపురం పోయి మేస్త్రీ కింద ఇటుకలు మోయాలి, లేదంటే ఇద్దరూ ఆకలితో కూర్చోవాలి.

చివరికి పల్లె కట్టడికి దిగింది. జీవాలకు పెద్దరోగం వస్తే ఆ వైపు పల్లెల్లో చేసే పనే అది. గంగమ్మ పేరు తలుచుకుని, పల్లెలోకి వచ్చే దోవలకు అడ్డంగా పసుపు తాడుకు వేపమండలు గుచ్చి తోరణం కడతారు. కట్టాక మనిషి గానీ, జీవం గానీ లోపలివి బయటికి పోకూడదు, బయటివి లోపలికి రాకూడదు. పొద్దు వాలాక విప్పుతారు. మొదటి చావు ఎవరి మందలో జరిగిందో ఆ ఇంటి ఆడమనిషే కట్టాలి, ఆమే విప్పాలి. మధ్యలో దాటినవాడి వెంట రోగం వాడి ఊరికి పోతుందని నమ్మకం. ఆదెయ్య పెట్టిన రోజు ప్రచారానికి ఆఖరి రోజు అయింది. ఆయన కావాలని పెట్టలేదు, మంచి రోజు చూసి పెట్టాడు.

ఈ సంగతి తెలిసి ఇద్దరు పోటీదారులకూ ఒకే తెలివి పుట్టింది. కట్టడికి ముందే తెల్లవారుతూనే లోపల పడితే, రెండోవాడు తోరణం అవతల చిక్కుకుంటాడు, ఆఖరి రోజంతా పల్లె మనదేనని. మురళీధర్ ఆటో పై వీధిలోకి చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. శివకృష్ణ ఆటో కింది వీధిలోకి చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. రెండోవాడికి తెలియకూడదని ఇద్దరూ మైకులు ఆపేసుకున్నారు.

తోరణం పట్టుకుని దోవ మీదికి వస్తున్న రాములమ్మకు రెండు ఆటోలూ కనిపించాయి. ఆమె కాళ్ళు ఆగిపోయాయి. గుట్ట వైపు దోవకు తోరణం అప్పటికే కట్టి వచ్చింది. ఇక ఈ రోడ్డు వైపుదే మిగిలింది.

ఆదెయ్య కూడా చూశాడు. "ఉండు రాములూ. వాళ్ళని పోనిచ్చి కడుదువు."

"గంగమ్మ పని మామా. పొద్దు పొడిచినాక ఆపకూడదని నువ్వే గదా చెప్పినావు."

ఆమె తాడు కొసను గుంజకు చుట్టింది. దేవత పేరు పెట్టి మనుషుల్ని పట్టుకోవడం తప్పేమోనని లోపల భయంగానే ఉంది. అయినా రాత్రి తెల్లవార్లూ దగ్గుతూ కూలబడ్డ గొర్రె కళ్ళు గుర్తొచ్చి, ముడి బిగించింది. డప్పు మోగింది. కట్టడి పడింది.

డప్పు విని బయటికి వచ్చిన మురళీధర్‌కు ఎదురుగా శివకృష్ణ కనిపించాడు. ఇద్దరి మొహాల్లో నెత్తురు చుక్క లేదు.

పల్లెంతా బడి ముందర చేరింది. ఎవరూ పిలవలేదు, అరవలేదు. ఆదెయ్య రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించాడు. మైకులు కూడా వెతుక్కోనక్కర్లేదు, రెండు ఆటోల మీదా ఉన్నాయి. ఇద్దరి మనుషులూ వాటి తీగలు లాగి చెరొకటి అందించారు, వద్దనడానికి వాళ్ళకూ మొహం చెల్లలేదు.

రాములమ్మ ముందుకు వచ్చింది. ఎప్పుడూ మైకు ముందు నిలబడిన మనిషి కాదు. మైకు అక్కర్లేకుండానే అడిగింది.

"ఇద్దరూ గెలిచినాక గేటు తీస్తామన్నారు. గెలిచేది ఒకడే గదా, ఓడినోడు అడ్డం పడడు గదా. అట్లయితే ఇప్పుడే తీయొచ్చు. ఆ కంపెనీ ఆయనకి ఇప్పుడే ఫోను చెయ్యండి. అందరం వింటాం."

మురళీధర్ జేబులోంచి ఫోను తీసి చూశాడు. "ఇక్కడ సిగ్నలు లేదమ్మా."

"ఇంతకుముందే మాట్లాడినావు గదన్నా, మా అరుగు మీద కూర్చొని" అన్నారెవరో వెనక నుంచి. మురళీధర్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"నువ్వు చెయ్యి శివయ్యా" అంది రాములమ్మ.

"కోడ్ ఉండాది అత్తా. ఇప్పుడు నేను చేస్తే ఓటర్లకి ఆశ చూపినట్టు అవుతాది. నా నామినేషనే పోతాది."

"పోనీ ఒక మాట చెప్పు. మేమే గేటు తీస్తే నువ్వు కేసు పెడతావా?"

శివకృష్ణ మురళీధర్ వైపు చూశాడు. మురళీధర్ గుట్ట వైపు చూశాడు. మైకులు పట్టుకున్న రెండు చేతులూ ఒళ్ళో పడి ఉన్నాయి. ఎండ ఎక్కుతోంది. దొడ్లలోంచి దగ్గులు వినిపిస్తున్నాయి. మనుషులు దగ్గినట్టే దగ్గుతాయి గొర్రెలు, ఆ దగ్గు విన్నవాళ్ళకు పక్కింట్లో ముసలివాళ్ళున్నారేమో అనిపిస్తుంది. అంతమంది మధ్య ఆ దగ్గు ఒక్కటే చప్పుడు.

ఇద్దరూ ఒకేసారి లేచారు. ఇన్నాళ్ళూ ఒక వేదిక ఎక్కనివాళ్ళు, ఒకరి నీడ ఒకరు తొక్కనివాళ్ళు, భుజం భుజం కలిపి నడిచి ఆదెయ్య దగ్గరికి పోయారు.

"పెద్దాయనా" అన్నాడు మురళీధర్ మెల్లగా, "ఆఖరి రోజు. ఇంకా నాలుగు పల్లెలు తిరగాల మేము. ఆ తోరణం కాస్త విప్పించు."

"అవును తాతా" అన్నాడు శివకృష్ణ. "ఈ ఒక్కదానికి మా ఇద్దరిదీ ఒకే మాట."

రాములమ్మ ఆ మాట విన్నది. ఆమెకు కోపం కంటే ముందు సిగ్గు వేసింది, ఇన్ని రోజులు వీళ్ళ నోటి కోసం కాచుకుని కూర్చున్నందుకు. ఇద్దరూ ఒకే తాను ముక్కలని తెలియడానికి ఇన్ని గొర్రెలు చావాల్సి వచ్చింది. ఆ సిగ్గులోంచే కోపం వచ్చింది. వచ్చాక ఇక భయం లేకుండా పోయింది.

"విప్పుతా" అంది.

ఇద్దరి మొహాలూ విప్పారాయి. ఆటో డ్రైవర్లు ఇంజన్లు స్టార్టు చేశారు. రాములమ్మ రోడ్డు వైపు కాక గుట్ట వైపు నడిచింది.

ఆదెయ్య వెనకాలే పోయాడు. "రాములూ, రెండు తోరణాలూ ఒకటేసారి విప్పాల. ఆచారం."

"జీవాల కోసం కట్టిన కట్టడి మామా ఇది. జీవాలు పోయే దోవ విప్పుతున్నా. మనుషులు పోయే దోవ పొద్దు వాలినాక విప్పుతా. అమ్మకు కోపం వస్తే నా మీదనే రానీ."

 ఆదెయ్య తలపాగా సర్దుకుని, వెనక్కి తిరిగి, "ఏంది చూస్తా ఉండారు, దొడ్లు తీయండి" అన్నాడు.

పల్లె కదిలింది. మగవాళ్ళు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, అందరూ ఎవరి మందలోంచి వాళ్ళు బాగున్నవాటిని ఏరి గుట్ట దోవకు తోలారు. బడి ముందర రెండు కుర్చీలూ, రెండు మైకులూ, వాటిని పట్టుకున్న ఇద్దరూ, వాళ్ళ మనుషులూ మిగిలారు. రోడ్డు తోరణం వేపాకులతో నిమ్మళంగా ఊగుతోంది. దాన్ని దాటే ధైర్యం ఎవరికీ లేదు. దాటి పెద్దూరికి పోతే, రోగం తెచ్చాడని అక్కడి ఓట్లు కూడా పోతాయి.

బీడు గేటు దగ్గర కాపలాదారు ఏబేలు మందలన్నీ రావడం చూసి లేచి నిలబడ్డాడు. ఓబులయ్య చేతిలో గడ్డపార ఉంది.

"తాళం పగలగొట్టబాకు పెదనాయనా" అన్నాడు ఏబేలు. "నా ఉద్యోగం పోతాది. తాళం చూసుకోమని చెప్పినారు నాకు." చెప్పి, పక్కకు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు.

ఓబులయ్యకు అర్థమైంది. పదిమందీ చేతులు వేసి గేటును మడతబందుల్లోంచి పైకెత్తి, పక్కన పడుకోబెట్టారు. తాళం తాళంగానే ఉంది. గొర్రెలు మొదట బెదిరి ఆగి, తర్వాత ముందుది పోతే వెనకవన్నీ పోయాయి.

అప్పుడు గుట్ట అవతల మైకు గరగరమంది. గేటు ఎత్తేశారన్న కబురు కింది వరకూ పోయినట్టుంది.

"బోడిగుట్టపల్లె ప్రజలారా" అంది మురళీధర్ గొంతు, "ఆ గేటు నా మాట మీదనే తీసినారు. నేను వద్దంటే తీసేవాళ్ళా?"

"అబద్ధం" అంది రెండో మైకు. "గేటు పెట్టించినోడే తీయించినానంటే నమ్మబాకండి. మా ప్రచారం వల్లనే ఈ గేటు లేచింది."

"ఎవరి కోసం పెట్టించినానో చెప్పమంటావా? కంపెనీ ఎవరిది, మీ బావది కాదా? సంతకం పెట్టమని నా ఇంటి చుట్టూ తిరిగింది నువ్వు కాదా?"

"తిరిగితే ఊరికే పెట్టినావా సంతకం? అందులో మీ తమ్ముడికి వాటా లేదా? ఆ మాట చెప్పు మైకులో."

గుట్ట ఆ మాటల్ని పట్టుకుని తిరిగి విసిరింది. మూడు వాయిదాలు వేసినా బయటికి రాని నిజం ఊరికూరికే ఊడిపడుతోంది. పోతున్న మనుషుల్లో ఒకరిద్దరు ఆగి విన్నారు, ఒకడు తుపుక్కున ఉమ్మేశాడు, మళ్ళీ గొర్రెల వెంట పడ్డారు. వినడానికి ఎవరికీ తీరిక లేదు.

గేటు దగ్గర రాములమ్మ ఒక పక్క, ఓబులయ్య ఒక పక్క నిలబడి ఒక్కొక్క గొర్రె మూతి పట్టి చూసి వదులుతున్నారు. ముక్కు పొడిగా ఉంటే లోపలికి. తడిగా ఉంటే వెనక్కి. ఎవరిదైనా అంతే, చూడటంలో మొహమాటం లేదు. చివరగా తన మందలోంచే చుక్కల గొర్రె వచ్చింది, వెనక వారం కిందట పుట్టిన పిల్లతో. రాములమ్మ మూతి పట్టుకుంది. వేళ్ళకు తడి తగిలింది. కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. మళ్ళీ తడి.

"నిన్న పొద్దున చూసినా" అంది. "పొడిగానే ఉండె."

ఓబులయ్య వంగాడు. పిల్ల మూతి చూశాడు. పొడిగా ఉంది.

ఆమె పిల్లను ఎత్తి చంకలో పెట్టుకుంది. ఓబులయ్య తల్లిని మెడ పట్టి వెనక్కి తిప్పాడు. అది నాలుగడుగులు పోయి, ఆగి, తిరిగి చూసి అరిచింది. చంకలోది తల్లి గొంతు విని తన్నుకులాడింది. గుట్ట అవతల ఇంకా వాటాల గొడవ నడుస్తూనే ఉంది, ఒకరిది ఆగితే ఒకరిది, రెండు మైకులూ పోటీపడి.

రాములమ్మ పిల్లను గట్టిగా అదుముకుని గేటు లోపలికి నడిచింది.

"ఈ మాటలేవో మొదటి ఆదివారం చెప్పుకోని ఉంటే" అంది దాని చెవిలో, "మీ అమ్మ కూడా నీతో వచ్చుండేది."