పిలవొద్దన్న పేరు

మూడోసారి పిలిచి, "హాజరు కావాలహో!" అన్న మాటను వరండా చివరిదాకా సాగదీసి, కంచు తన గొంతు తడుముకున్నాడు. మెట్ల కింద సిగరెట్టు కాలుస్తున్న కక్షిదారు ఉలిక్కిపడి పరుగెత్తుకొచ్చాడు. కోర్టు బంట్రోతుగా కంచు చేసే పని అంతే. గుమాస్తా లోపల చెప్పిన పేరును బయటికి వచ్చి మూడుసార్లు పిలవాలి. ఆ గొంతు విని అందరూ అతన్ని కంచు అన్నారు. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. సన్నటి మనిషి. భుజాల దగ్గర వదులైపోయిన కోటు, మెడ మీద ఉబ్బిన నరాలు. ఇంట్లో మాత్రం నోరు విప్పడు. "గొంతంతా కోర్టులోనే ఖర్చుపెట్టి వస్తారు. నాకు మిగిల్చేది దగ్గు ఒక్కటే" అంటుంది భార్య.

స్తంభం పక్కన ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఆమె కొడుకు బస్సు డ్రైవరు. ఎన్నికలు ఎప్పుడు పెడతారని బహిరంగ సభలో లేచి అడిగాడు. ఇంటికి చేరకముందే పట్టుకుపోయారు. ఎక్కడ పెట్టారో, అసలున్నాడో లేడో చెప్పే దిక్కు లేదు. కొడుకును చూపించమని ఆమె అర్జీ పెట్టుకుంది. ఈలోగా కొత్త ఆజ్ఞ వచ్చింది: ప్రభుత్వం పట్టుకెళ్లినవాళ్ల సంగతి ఏ కోర్టూ అడగకూడదని.

"నాయనా, ఇవాళైనా నా బిడ్డ పేరు పిలుస్తావా?"

"లోపల చెబితే పిలుస్తానమ్మా."

లోపల గుమాస్తా తలెత్తలేదు. "ఆ డ్రైవరు కేసు వదిలెయ్. తర్వాతది పిలువు."

"కొట్టేశారాండీ?"

"కొట్టెయ్యనూ లేదు, విననూ లేదు. పైనుంచి మాట. నీకెందుకోయ్?"

జడ్జిగారు కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. ఎంతసేపటికీ ఆ పని తెమలడం లేదు.

కంచు వరండాలోకి వచ్చాడు. ధైర్యవంతుడేమీ కాదు. ఇంటి యజమాని గట్టిగా దగ్గితేనే గోడ పక్కకు తప్పుకునే రకం. దొంగల్ని పిలిచాడు, హంతకుల్ని పిలిచాడు. ఇన్నేళ్లలో ఫలానా మనిషిని పిలవొద్దని ఎవరూ అనలేదు. తర్వాతి పేరు నాలుక మీదే ఉంది. ముసలావిడ అతని నోటివంకే చూస్తోంది.

డ్రైవరు పేరే పిలిచాడు. మొదటిసారి గొంతు సగమే పెగిలింది. రెండోసారికి టైపు మిషన్లు ఆగాయి. మూడోసారికి చూరులో పావురాలు లేచాయి.

పిలిచిన పేరుకు జవాబు చెప్పడం సర్కారు వకీలుకు అలవాటు. కాగితాల్లోంచి తల తియ్యకుండానే లేచి, "పాతకోట జైల్లో ఉన్నాడండీ, హాజరుపరచలేం" అనేశాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

జడ్జిగారు అద్దాలు పెట్టుకున్నారు. "రాసుకోండి" అన్నారు గుమాస్తాతో.

ముసలావిడ గుమ్మంలోనే కూలబడింది. "ఉన్నాడట... ఉన్నాడట నాయనా" అంటూ కంచు చెయ్యి పట్టుకుంది.

"లేమ్మా, దారికి అడ్డం" అన్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరు మనుషులు ఇంటికొచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. ఏ ఆజ్ఞ మీద తీసుకెళ్తున్నారని భార్య అడిగితే ఒకడు నవ్వాడు. "పొద్దున్నే వచ్చేస్తాడమ్మా."

కంచు చొక్కా తొడుక్కున్నాడు. "గడియ వేసుకో" అని మాత్రం అన్నాడు.

వారం తిరక్కుండానే ఆమె కూడా అర్జీ పట్టుకుని కోర్టు వరండాలో కూర్చుంది. కొత్త బంట్రోతు గొంతు చిన్నది. అయినా చెవులు రిక్కించి ప్రతి పేరూ విన్నది. భర్త పేరు రాలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాతా రాలేదు.

వాళ్లొచ్చిన సాయంత్రం అతను పుక్కిలిస్తున్న ఉప్పునీళ్లు సగం గ్లాసులోనే కిటికీ గట్టు మీద ఉండిపోయాయి. ఆమె తియ్యలేదు. నీళ్లు ఇగిరిపోయాక గ్లాసు అడుగున తెల్లగా ఉప్పు మిగిలింది.