మూడో ప్రతిపాదన

భార్య పోయాక క్లిఫర్డ్ ఎంట్విజిల్ మా ఊళ్లో ఎవరు కనబడినా ఒకటే మాట అనేవాడు: "మా మొరీన్‌ని రోగం చంపలేదు, క్యూ చంపింది."

అందులో అబద్ధం లేదు. శరదృతువులో డాక్టరు ఆమె ఛాతీ చూసి, స్కానింగ్ చేయించాలని ఆస్పత్రికి రాశాడు. అక్కడ ఆమె కంటే ముందు బోలెడుమంది ఉన్నారు. తీరా రమ్మని ఫోను వచ్చేసరికి మొరీన్ పోయింది. ఆమె కోట్లూ చెప్పులూ క్లిఫర్డ్ ఎవరికో దానం కూడా ఇచ్చేశాడు.

క్లిఫర్డ్‌ది రంగుల దుకాణం. మిల్లులు మూతపడినా అందరూ కార్మికుల పార్టీకే ఓటేసే ఈ లాంకషైర్ ఊళ్లో పుట్టి కూడా తాతలనాటి నుంచీ వాళ్ల ఇంటిల్లిపాదీ కన్జర్వేటివ్ పార్టీయే. దానికి జీవితమంతా ఎత్తిపొడుపులు పడ్డాడు. అందరికీ డబ్బు తీసుకోకుండా వైద్యం చేసే జాతీయ ఆరోగ్య సేవను ఎలా బాగుచేయాలో చెప్పమని పార్టీ అన్ని శాఖలనూ అడిగినప్పుడు, మా శాఖవాళ్లు ఆ పని అతనికే అప్పజెప్పారు. "ఆ బాధ నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసయ్యా?" అన్నారు.

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. వైద్యం కోసం గడువు దాటి ఆగాల్సివస్తే రోగి ప్రైవేటు ఆస్పత్రికైనా వెళ్లొచ్చు, ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఇది మొదటిది. ఏ ప్రాంతపు ఆస్పత్రిని ఆ ప్రాంతపువాళ్లే నడుపుకోవాలి, లండన్‌లో కూర్చున్నవాళ్లు కాదు. ఇది రెండోది. ఆ రెండూ తడి కళ్లతో ఒక్క ఊపున రాశాడు.

మూడోది అతను దుకాణంలోనూ, ఇంట్లో అన్నంముందు కూర్చున్నప్పుడూ ఏళ్ల తరబడి అంటూ వచ్చిన మాటే: 'డాక్టరును చూసిన ప్రతిసారీ ఎంతో కొంత రుసుము ఉండాలి. ఊరికే వస్తోందని ప్రతి దగ్గుకీ తుమ్ముకీ పరిగెత్తేవాళ్లు తగ్గితే, నిజంగా జబ్బుపడ్డవాళ్లకు దారి దొరుకుతుంది.'

చివరి మాట రాస్తూండగా వంటింట్లోంచి దగ్గు వినిపించింది. పొడి దగ్గు. ఆ తర్వాత, ఎవరికీ ఇబ్బంది కలగకూడదన్నట్టు మెల్లిగా గొంతు సవరించుకున్న చప్పుడు.

క్లిఫర్డ్ వెళ్లి చూశాడు. ఎవరూ లేరు. పక్కింటి గోడలోంచి వచ్చిందనుకుందామంటే ఆ ఇల్లు చాన్నాళ్లుగా ఖాళీ. తిరిగొచ్చి, తన పిచ్చేమో తేల్చుకుందామని ఆ వాక్యం పైకి చదివాడు. మళ్లీ దగ్గింది. కోటు తగిలించుకుని, గొడుగు కూడా తీసుకోకుండా, తుంపర్లోకి నడిచాడు.

ఆ సాయంత్రం పార్టీ క్లబ్బు మేడమీద సమావేశం. మొదటి రెండింటికీ చప్పట్లు మోగాయి. మూడోది చదువుతుంటే హాలు చివర్నుంచి అదే దగ్గు. క్లిఫర్డ్ తలెత్తాడు. అక్కడ టీ కెటిల్ పట్టుకుని బెరిల్ నిలబడి ఉంది. మొరీన్‌కి బడినాటి నేస్తం. ఆమె దగ్గడం లేదు, అతన్నే చూస్తోంది.

"భేష్ సార్!" అన్నాడు డొమినిక్, వచ్చే ఎన్నికల్లో నిలబడబోయే కుర్రవాడు. చేతులు లేచాయి. మూడూ నెగ్గాయి.

అందరూ వెళ్లాక క్లిఫర్డ్ కప్పులు కడగడానికి బెరిల్ పక్కన నిలబడ్డాడు.

"ఇందాక వెనకాల ఎవరు దగ్గారు?"

"ఎవరూ దగ్గలేదే."

"నాకు వినబడింది బెరిల్. ఆఖరి రోజుల్లో మొరీన్ దగ్గినట్టే ఉంది."

బెరిల్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "చెప్పకూడదనే అనుకున్నానయ్యా. అదెప్పటినుంచి దగ్గుతోందో తెలుసా నీకు? వసంతం నుంచి! డాక్టరు దగ్గరికి పోవే అని తల బాదుకున్నాను. 'పిచ్చిదానా, ప్రతి దగ్గుకీ వెళ్లి కూచుంటే అసలు రోగులేమైపోవాలి, మా క్లిఫర్డ్ తిడతాడు' అని నవ్వేది. నీ ముందు దగ్గొస్తే వంటింట్లోకి పోయేది."

"వసంతంలోనా? నా ముందు ఒక్కసారీ దగ్గలేదు," అన్నాడు క్లిఫర్డ్.

"అదేగా చెప్తున్నాను."

అతను కడిగిన కప్పునే మళ్లీ కడిగాడు. తర్వాత ఉన్నట్టుండి, "నీ సంగతేంటి?" అన్నాడు.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"అదీ అలాగే అనేది. నిజం చెప్పు."

బెరిల్ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "చంకలో చిన్న గడ్డలాంటిది... ఏం లేదులే, దానికోసం డాక్టర్లనేం విసిగిస్తాం?"

పొద్దున్నే క్లిఫర్డ్ ఆమె కోసం డాక్టరుగారి ఆఫీసుకు ఫోను చేశాడు. ఫోనులోనూ క్యూయే. పాట వినిపించినంతసేపూ ఆ క్యూని నోటికొచ్చినట్టు తిట్టాడు, కానీ ఫోను మాత్రం పెట్టెయ్యలేదు. తనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. ఈసారి ఆస్పత్రివాళ్లు త్వరగానే పిలిచారు. గడ్డ తీసేశారు. ముదరకముందే వచ్చారన్నారు.

మూడో ప్రతిపాదన తీసెయ్యమని క్లిఫర్డ్ డొమినిక్‌ని అడిగాడు.

"ఓటింగ్ అయిపోయింది కదండీ. అయినా దానికి బలమే మీ కథ."

"నేను సగమే చెప్పాను నాయనా. మిగతా సగం నాకే తెలీదు అప్పుడు."

"అయ్యో, ఇప్పుడేం చెయ్యగలం సార్?"

మూడూ అతని పేరుమీదే లండన్ వెళ్లాయి. క్లిఫర్డ్ పార్టీని వదల్లేదు. మొదటి రెండింటికోసం ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాడు. మూడోదాని ఊసెత్తితే మాత్రం లేచి వెళ్లిపోతాడు.

పక్క ఊళ్లో ఉన్న కూతురు జానిస్ ఒక ఆదివారం వచ్చింది. తండ్రి వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ముందుగదిలో హీటరు ఉండగా ఈ చలిలో ఇక్కడెందుకో ఆమెకు అర్థం కాలేదు.

"ఒక్కడివే ఎందుకు నాన్నా? ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్."

"ఎలా వస్తానే?" అన్నాడతను, గొంతు తగ్గించి. "మీ అమ్మకి ఇంకా దగ్గు తగ్గలేదు."