ఒంటిగంటకు మూసేసే వెబ్‌సైటు

బొత్తాల కొట్టాయన తన బావమరిదికి వెబ్‌సైటు పని అప్పగించిన రోజున ఒకే ఒక్క మాట చెప్పాడు: అచ్చం మన కొట్టులాగే ఉండాలి. బావమరిది బావ మాట జవదాటే రకం కాదు. అక్కడే వచ్చింది చిక్కు. కొట్టు తొమ్మిదింటికి తెరుస్తారు, వెబ్‌సైటూ తొమ్మిదింటికే తెరుచుకుంటుంది. ఒంటిగంటకు భోజనానికి కొట్టు కట్టేస్తారు, వెబ్‌సైటు మీద కూడా షట్టరు బొమ్మ ఒకటి దిగుతుంది. మళ్లీ మూడింటికి లేస్తుంది. గరగరమని దానికి చప్పుడు కూడా పెట్టాడు మహానుభావుడు.

మొదట్లో ఆయనా మురిసిపోయి వచ్చినవాళ్లందరికీ చూపించాడు. యూనిఫాంలు కుట్టించే ఫ్యాక్టరీ మేనేజరమ్మ ఫోను చేసేదాకానే ఆ మురిపెం. మావాళ్లు మిషన్లు ఆపేదీ, ఆర్డర్లు పెట్టేదీ ఒంటిగంటకే, మీ షట్టరు చూస్తూ కూర్చోమంటారా అని అడిగిందావిడ. శుక్రవారం లోపు బాగు చేయించకపోతే బొత్తాలూ జిప్పులూ ఇంకోచోట కొనుక్కుంటానంది. కొట్టులో సగం సరుకు పోయేది ఆవిడకే.

బాగు చెయ్యడం బావమరిది వల్ల కాలేదు. షట్టరు తియ్యబోతే బొమ్మలన్నీ తలకిందులయ్యాయి. బొత్తాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు గానీ, జిప్పులు దొరికిపోయాయి.

పోనీ మాన్పించేద్దామా అంటే, వాడు ఇంటావిడకు ఒక్కగానొక్క తమ్ముడు. మేడ మీద గదిలోనే కాపురం. మూడేళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నవాడు ఈ పనిలో చేరాకే మనిషయ్యాడని ఆవిడ ఊరంతా చెప్పుకుంది. కొట్టాయన కుడితిలో పడ్డ ఎలుకయ్యాడు.

అందుకని గుట్టుగా, గోడౌన్‌లో అట్టపెట్టెల మధ్య కుర్చీ వేసి, వెబ్‌సైట్లు కట్టేవాళ్లను పిలిపించుకున్నాడు. ఒకడు ఆలోచించడానికే ఆర్నెల్లు కావాలన్నాడు. ఇంకొకడు ఏమీ ఆలోచించకుండానే సరేనన్నాడు, వాణ్ని చూస్తే ఇంకా భయమేసింది. మూడో ఆమె మాత్రం ఇది కట్టిన మనిషి ఎక్కడని అడిగింది. ఊరెళ్లాడని బొంకాడు. అయితే శుక్రవారం ఒంటిగంటకు, సైటు మూసి ఉన్నప్పుడు లోపలికెళ్తాను, అరగంట చాలు అంది. ఆయనకు ప్రాణం లేచొచ్చి, పాస్‌వర్డు కాగితం మీద రాసిచ్చాడు.

శుక్రవారం ఒంటిగంటకు ఇంట్లో ఆలుమగలూ బావమరిదీ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. బావమరిది ఫోను టింగుమంది.

"బావా, ఎవరో మన సైటులోకి దూరుతున్నారు. లోపలికెళ్లే కోడు నాకొచ్చింది."

సైటు తాళం వాడి ఫోను నంబరుకే కట్టి ఉందన్న సంగతి ఆయనకు అప్పుడు తట్టింది. తేలు కుట్టిన దొంగలా ముద్ద మింగాడు.

"ఎవడ్రా ఆ దొంగ?" అంది ఇంటావిడ.

బావమరిది ఫోను పక్కన పెట్టి, బావ మొహంలోకి చూశాడు.

"నువ్వే ఎవర్నైనా పెట్టావా బావా? పెడితే చెప్పు, పర్లేదు. ఐదు నిమిషాలే పనిచేస్తుందీ కోడు. చదువుతాను, రాసుకో."

ఇంటావిడ చేతిలో గరిటె గాలిలోనే ఆగిపోయింది. కొట్టాయన జేబులో ఫోను రెండుసార్లు వణికింది. ఒక్క ఊఁ అంటే చాలు, షట్టరు లేస్తుంది. తలెత్తితే, వాడి కళ్లు ఫలితాల కాగితం కోసం ఎదురుచూసే పిల్లాడి కళ్లలా ఉన్నాయి.

"నువ్వుండగా ఇంకొకళ్లనెందుకు పెడతానురా."

వాడి మొహం విచ్చుకుంది. గరిటె దిగి, అడక్కుండానే కొట్టాయన కంచంలో ఇంకో వడ్డన పడింది. ఆయన బల్ల కింద ఎడంచేత్తో, కోడు రాలేదు, ఇక వద్దులెండి అని ఆ మూడో ఆమెకు మెసేజి కొట్టి పంపాడు. పొద్దుగూకేలోపు మేనేజరమ్మ ఇంకో కొట్టు చూసుకుంటుందని తెలిసే పంపాడు.

"వెధవలు మన సైటు మీద కన్నేశారు బావా," అన్నాడు బావమరిది హుషారుగా. "పాస్‌వర్డు మార్చేసి, నాకొక్కడికే తెలిసేలా పెట్టేయనా?"

"పెట్టేయరా," అన్నాడు కొట్టాయన.