బొట్లకు కాపలా కాసిన సబ్బు

నేనొక సబ్బును. ఏం, నవ్వొచ్చిందా? స్నానాలగదిలో అరిగిపోయే రకం కాదు లెండి. నాకు నురగ రాదు, సువాసన అసలే లేదు. గోధుమరంగు సీసాలో చిక్కటి ద్రవంగా ఉంటాను. నాలో ఒక కొసకు నీళ్ళంటే ప్రాణం, రెండో కొసకు ఒక రకం నూనె అంటే ప్రాణం. ఆ రెండింటి మధ్య నిలబడి ఎవరి హద్దులో వాళ్ళను ఉంచడమే నా బతుకు. ఒక్కరైనా మెచ్చుకున్నారా అంటే, ఊహూఁ.

ఎక్కడో దూరదేశంలో నన్ను ఉడికించి, కడిగి, సీసాకెక్కించారు. విమానం దిగాక ఒక అధికారి నన్ను ఎడాపెడా ఊపి, "సబ్బుకింత హడావిడా?" అన్నాడు. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయానికి చేరితే అక్కడి ఆచార్యులు చలపతిగారు నన్ను బీరువాలో పెట్టి తాళం వేశారు. తెప్పించమని ఊరంతా గోల చేసిందీ ఆయనే, తెచ్చాక తాకనివ్వనిదీ ఆయనే. ఏం మనుషులో!

నన్ను బయటికి తెచ్చింది ఆయన దగ్గర పరిశోధన చేసే పుష్పలీల. నల్గొండ పిల్ల, పట్టుదల మనిషి. ఆమె దగ్గర వేలెడంత గాజుపలక ఉంది. అందులో వెంట్రుక మందం కాలువలు. ఒకదాంట్లో నన్ను కలిపిన నూనె, ఇంకోదాంట్లో మందులు కలిపిన నీళ్ళు. రెండూ కలిసే చోట నీరు తెగి బొట్లుబొట్లుగా జారిపోతుంది. ఒక్కో బొట్టూ ఒక్కో పరీక్షనాళిక అన్నమాట. బకెట్లకొద్దీ పారబోసే పరీక్షల్ని చెంచాడు ద్రవంతో ముగించాలని లీల ఆశ. బొట్టు పోయి బొట్టును అంటుకుందా, అంతా కలగాపులగం. అంటుకోకుండా ప్రతి బొట్టు చుట్టూ కాపలా కాసేది నేనే.

పరిశీలన సంఘం వచ్చే రోజు రానే వచ్చింది. బొట్లు నిలిస్తే లీల పని సాగుతుంది, చెదిరితే ఆపేస్తారు. పొద్దుటి నుంచీ ఒక్క బొట్టునూ చెదరనివ్వలేదు నేను. లీల మైక్రోస్కోపులో చూసి, "మంచిగ నిలబడ్డయి, ఇంకొంచెం సేపు ఉండుండ్రి" అని మమ్మల్ని బతిమాలింది. నాకు నిజంగానే ముద్దొచ్చింది.

సంఘం పెద్ద అనంతాచారిగారు వచ్చారు. అతిథి వస్తే శాలువా కప్పాలి కదా! హాల్లో కప్పితే ఏం పోయింది? ఫొటోలో మైక్రోస్కోపు పడాలట. చలపతిగారు మా బల్ల పక్కనే ప్లాస్టిక్ కవరులోంచి నైలాను శాలువాను సర్రున లాగారు. చిటపటలాడింది. చలికాలం, పైగా ఏసీ గది, గాలిలో తడి లేదు. దువ్వెన కాగితం ముక్కల్ని లాగుతుందని బడిలో అందరూ చదువుకున్నవాళ్ళే, ఒక్కరికైనా గుర్తు రావొద్దూ? నూనెకూ నీళ్ళకూ సర్దిచెప్పగలను గాని శాలువాలో పుట్టిన కరెంటుకు నేనేం చెప్పను? పెద్దాయన ఆ శాలువాతోనే వంగి, మైక్రోస్కోపులో కన్ను పెట్టారు. అంచు వచ్చి గాజుపలక మీద పడింది. బొట్లన్నీ ఒకదాన్నొకటి మింగేశాయి.

"నిలవడం లేదే" అన్నారాయన.

"పొద్దటి సంది మంచిగనే ఉండె సార్! ఏమైందో సమజైతలేదు" అంది లీల.

"నూనెలో కలిపిన మందు పాతబడినట్టుందండీ" అన్నారు చలపతిగారు. నేనా? నేనా పాతబడింది? నోరుంటే చెప్పేవాణ్ణి.

అందరూ టీకి వెళ్ళారు. పెద్దాయన శాలువా కుర్చీ మీదే వదిలేశారు. ఇచ్చొద్దామని లీల దాన్ని మడవబోతే ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆగిపోయింది. మళ్ళీ బొట్లు నడిపింది, నిలిచాయి. శాలువా దగ్గరికి తెచ్చింది, కలిసిపోయాయి. పరుగున వెళ్ళి చలపతిగారిని పిలుచుకొచ్చింది. ఆయన రెండుసార్లు చూశారు. హమ్మయ్య అనుకున్నాను.

"నిజమేనమ్మా" అన్నారాయన మెల్లగా. "కానీ ఏమని చెప్పమంటావు? సార్, మీకు కప్పిన శాలువాయే కొంప ముంచిందనా? పెద్దాయన చిన్నబుచ్చుకుంటారు. మందుదే తప్పని చెప్పేశాను, నివేదిక మీద సంతకాలూ అయిపోయాయి."

"మరి నా పని, సార్?"

ఆయన శాలువాను జాగ్రత్తగా మడిచి కవరులో పెట్టారు. పాడైన మందు బీరువాలో ఉంటే ఎవరైనా అడుగుతారని నన్ను చెత్తడబ్బాలో పడేసి, పెద్దాయన కారెక్కేలోపు ఆయన శాలువా ఆయనకిచ్చిరావాలని గబగబా వెళ్ళిపోయారు.

డబ్బాలో ఎప్పటివో పగిలిన గాజుముక్కల మధ్య పడి ఉన్నాను. ఒళ్ళు మండిపోతోంది. మధ్యన నిలబడటమే నా పని అన్నాను కదా, ఇక్కడా అదే చేయించారు. ఆచార్యులకూ అతిథికీ నడుమ నన్ను నిలబెట్టారు. ఇద్దరి మర్యాదా చెక్కుచెదరలేదు. పైన లీల గాజుపలకను కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేనింకా సగం సీసా మిగిలే ఉన్నాను.