టీ గదిలో అడిగిన ప్రశ్నలు

డుల్సీ హారప్ సంచిలో ముందుగా నాలుగు జతల ఉన్ని మేజోళ్ళు పెట్టింది. తీసి, చూసుకుని, మళ్ళీ పెట్టింది. తర్వాత వాన కోటు, ఫ్లాస్కు, కాగితంలో చుట్టిన, కొబ్బరి కోరు అద్దిన లామింగ్టన్ కేకులు. ప్రయాణం ఆమెది కాదు, మెర్విన్ పైబస్‌ది. అతను హోబార్ట్ రేవు దగ్గరి సముద్ర పరిశోధనశాలలో ముప్ఫయ్యేళ్ళుగా రాళ్ళకు అతుక్కుని ఉండే ఒకే ఒక జాతి నత్త మీద పనిచేస్తున్నాడు. ఆమె అక్కడ ముప్ఫయ్యేళ్ళుగా టీ పెడుతోంది. అతన్ని ఇప్పుడు ఓడ ఎక్కిస్తున్నది తన పేరేనని ఆమెకు తెలుసు. అందుకే మేజోళ్ళు మరోసారి లెక్కపెట్టింది.

హోబార్ట్‌లోని ఆ శాలకు ఒక ఆచారం ఉంది. పదిన్నర టీ దగ్గర ఎవరు ప్రశ్న అడిగితే, దానికి జవాబుగా పుట్టిన వ్యాసం మీద వాళ్ళ పేరు కూడా వేయాలి. డుల్సీకి ప్రశ్నలకు కొదవ లేదు. లైబ్రరీలో దొరికిందల్లా చదివేది, చదివినకొద్దీ దిగులు పెరిగేది. గొర్రెల పళ్ళు ఎందుకరుగుతాయి, మంచు చిట్లేటప్పుడు ఎందుకు మూలుగుతుంది, ఆల్చిప్పలకు ముసలితనం వస్తుందా అని అడిగేది. అలా ఐదు శాస్త్రాల్లో రెండు వందల పద్నాలుగు వ్యాసాల మీద ఆమె పేరు పడింది. వాటిని తక్కిన శాస్త్రవేత్తలు తమ వ్యాసాల్లో పదకొండు వేల సార్లు పేర్కొన్నారు. మెర్విన్ రాసినవి ఏడు. వాటిని పేర్కొన్నది పంతొమ్మిది సార్లు, అందులో ఆరుసార్లు తనే.

శాలలో ఇక ఒక్కరినే ఉంచుతామని విశ్వవిద్యాలయం కమిటీ చెప్పింది. అంకెలు చూసి డుల్సీని ఉంచింది. అయ్యా, నేను టీ మనిషినని ఆమె మొత్తుకుంటే, ఆ సంగతి రాసుకోవడానికి తమ పట్టికలో గడి లేదన్నారు.

డుల్సీ ఒక పత్రికకు ఉత్తరం రాసింది. నేను టీ మాత్రమే పోశాను, నా పేరు తీసేయండి అని. పత్రిక దాన్ని అచ్చువేసింది. శాస్త్రవేత్తల నిజాయితీ గురించి రాసేవాళ్ళంతా ఆ ఉత్తరాన్ని పేర్కొనడం మొదలుపెట్టారు. అదీ ఆమె వ్యాసంగానే లెక్కకొచ్చి, ఆరో శాస్త్రం వచ్చి చేరింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

చివరికి కమిటీ మెర్విన్‌కి గడువిచ్చింది. అక్కడ జూన్‌లో మొదలయ్యే చలికాలం లోపల వేరే శాస్త్రంలో ఒక మంచి వ్యాసం రాస్తే అతన్నీ ఉంచుతారు. అందుకే దక్షిణాన ఉన్న దీవికి, ఆల్బట్రాస్ పక్షుల మీద రాయడానికి వెళ్తున్నాడు. అతనికి పక్షులంటే భయం.

"ఏం ప్రొఫెసరమ్మా, సంచి సర్దావా, దాని మీద కూడా ఓ వ్యాసం రాశావా?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"ఎగతాళి చాల్లే. పక్షుల గురించి నీకేం తెలుసు?"

"రెక్కలుంటాయి. నువ్వో ప్రశ్న ఇస్తేగానీ కదలను."

ఆమె చాలాసేపు ఇవ్వనంది. తన ప్రశ్నలు చేసిన నిర్వాకం చాలనుకుంది. కానీ అతను వట్టి చేతులతో ఓడెక్కడం చూడలేకపోయింది.

"ఏళ్ళ తరబడి సముద్రం మీద తిరిగేవి కదా, తిరిగి రావాలని వాటికి ఎలా గుర్తుంటుంది? నా పేరు మాత్రం వేయకు, మెర్వ్."

"ఆచారం ఆచారమే, డుల్సీ."

మే నెలలో వ్యాసం ఫ్యాక్సులో వచ్చింది. చాలా మంచి వ్యాసం. రెండు పేర్లున్నాయి, ఆమెదే ముందు. కమిటీ సంతోషించి, ముందున్న పేరుకే ఘనత అన్న తమ నియమం ప్రకారం ఏడో శాస్త్రాన్ని కూడా డుల్సీ ఖాతాలోనే వేసింది. ఆ కబురు దీవికి చేరేలోపే మెర్విన్, పక్షుల పని అయిపోయిందని, తన నత్త అక్కడ ఉందేమో చూడటానికి రాళ్ళ మీదికి దిగాడట. అల పెద్దదట.

నావికుడొకడు సంచి తెచ్చిచ్చాడు. అందులో మేజోళ్ళు మూడు జతలున్నాయి. ఓడ 1997 జూన్ పదకొండున హోబార్ట్ రేవుకు తిరిగొచ్చింది. మెర్విన్ పైబస్ రాలేదు.