గీత మీద పడ్డ బంతి

స్వీడన్ వాడు న్యూయార్క్‌లో టెన్నిస్ ఫైనల్ ఓడిపోయి, కప్పు ఇచ్చేదాకా కూడా నిలబడకుండా వెళ్ళిపోయాడన్న కబురు అలెగ్జాండ్రియాకు రెండు రోజుల తర్వాత, మంగళవారం పొద్దున చేరింది. క్లబ్బు వరండాలో టీ గ్లాసుల ముందు కూర్చున్న ముసలాళ్ళకు ఆ రోజు పండగే. స్వీడన్ వాడి మౌనం గొప్పదా, గెలిచిన అమెరికా కుర్రాడి నోరు గొప్పదా? వీళ్ళిద్దరి పోటీ గొప్పదా, అంతకుముందు ఆస్ట్రేలియా వాళ్ళది గొప్పదా? జన్మలో రాకెట్ పట్టనివాళ్ళే ఎక్కువ గట్టిగా తీర్పులు చెబుతున్నారు. ఎక్కడైనా అంతే కదా!

లాంబ్రో ఆ మాటలు వింటూ మెట్ల మీద కూర్చుని బూటు తాళ్ళు కట్టుకుంటున్నాడు. అరవై ఐదేళ్ళ మనిషి. ఇబ్రహీమియా పేటలో మందుల షాపు నడిపి, కిందటేడాది అమ్మేశాడు. భార్య కాటినా పోయి ఆరేళ్ళయింది. ఊళ్ళోని గ్రీకులు ఒక్కొక్కరే ఓడ ఎక్కి వెళ్ళిపోతుంటే రేవు దాకా వెళ్ళి చెయ్యి ఊపి వచ్చినవాడే తప్ప, తాను మాత్రం కదల్లేదు. ఏథెన్స్ నుంచి చెల్లెలు నెలకో ఉత్తరం రాస్తుంది, అక్కడ నీకెవరున్నారు, వచ్చెయ్యమని. మంగళవారాలు నాకు ఖాళీ లేదని జవాబు రాస్తాడు.

మంగళవారాలు రాగిబ్‌తో ఆట. నలభై ఏడేళ్ళుగా.

రాగిబ్ భార్య ఇన్సాఫ్ చెయ్యి పట్టుకుని రానే వచ్చాడు. మనిషి కనబడక ముందే గొంతు వినబడింది.

"విన్నావురా ఖవాగా? మీ స్వీడన్ వాడు పారిపోయాడట!"

"మావాడేమిట్రా? నేను గ్రీకువాణ్ణి."

"సముద్రం అవతలివాళ్ళంతా నాకొకటే."

ఖవాగా అంటే పరదేశి దొర. లాంబ్రో తాత కూడా ఈ ఊళ్ళోనే పుట్టాడు, అయినా రాగిబ్‌కు అతను ఖవాగాయే. లాంబ్రో కూడా తక్కువవాడేం కాదు, అతన్ని పాషా అంటాడు. ఈజిప్టు రాజుగారితో పాటు పాషాలు పోయి ముప్పై ఏళ్ళు కావస్తున్నా సరే.

"పోయినవాడి సంగతి వదిలెయ్. ఆ మిగిలినవాడి గతేమిటో చెప్పు" అన్నాడు రాగిబ్, కర్రతో మెట్టు తడుముతూ. "రేపట్నుంచి వాడు ఎవణ్ణి ఓడిస్తే మాత్రం ఏం లాభం?"

లాంబ్రో తాడు ముడి గట్టిగా బిగించాడు.

వయసులో ఉన్నప్పుడు వీళ్ళిద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. నగరం పోటీల్లో ఏడుసార్లు ఫైనల్లో తలపడ్డారు. అయిదు లాంబ్రోవి, రెండు రాగిబ్‌వి. ఒక బంతి గీత లోపల పడిందా బయట పడిందా అన్న గొడవతో, మంగళవారాలు ఆడుతూనే ఒక ఏడాదంతా మాట్లాడుకోలేదు. ఆ ఏడే రాగిబ్ పెళ్ళి. లాంబ్రో పిలవకుండానే పెళ్ళికి వెళ్ళి, పెళ్ళికూతురు ఇన్సాఫ్‌తో, "అమ్మా, మనిషి మంచివాడే. బ్యాక్‌హ్యాండ్ ఒక్కటే నమ్మకూడదు" అని చెప్పి, భోంచేసి వచ్చాడు. ఆ రోజునుంచి ఆవిడకు అతను అన్నయ్య అయ్యాడు.

రెండేళ్ళ కిందట రాగిబ్ కంటినరం ఎండిపోతోందని డాక్టరు చెప్పాడు. ఎదురుగా వచ్చే తెల్లబంతి ఇప్పుడతనికి ఒక పొగముద్ద. గీతలు బొత్తిగా కనబడవు. అయినా ఆడతాడు. "బంతి కనబడకపోతేనేం, నీ భుజం తిరిగిన తీరు చూస్తే చాలు, బంతి ఎక్కడ పడుతుందో నీకంటే ముందు నాకే తెలుస్తుంది" అంటాడు. ఎవరి వైపు పడ్డ బంతికి వాళ్ళే లోపలా బయటా చెప్పుకోవడం క్లబ్బు పద్ధతి. వీళ్ళ ఆటలో మాత్రం రెండు వైపులా లాంబ్రోయే చెబుతాడు. రాగిబ్ ఆ మాట మీదే ఆడతాడు.

ఆ మాటలోనే లాంబ్రో అబద్ధం దూర్చాడు. పోయిన ఈస్టర్ ముందు రెండు వారాలు రాగిబ్ ఒక్క గేమ్ కూడా గెలవకుండా ఓడిపోయాడు. బల్ల మీద కూర్చుని తువ్వాలు మొహం మీద వేసుకుని, "ఇక చాల్లేరా. ఎవడైనా కుర్రాణ్ణి చూసుకో" అన్నాడు. ఆ రాత్రి లాంబ్రోకు నిద్ర పట్టలేదు. వీడు రావడం మానేస్తే ఈ ఊళ్ళో తన ఆట తెలిసినవాడెవడు? పద్దెనిమిదేళ్ళ లాంబ్రో ఎలా సర్వ్ చేసేవాడో చూసినవాడు ఈ భూమ్మీద ఇంకెవడున్నాడు? మరుసటి మంగళవారం తన బంతి గీతకు నాలుగు వేళ్ళు లోపల పడితే, "బయట!" అని అరిచాడు. నోరు కాలలేదు. మూడో వారానికి రాగిబ్ ఆరు నాలుగుతో గెలిచాడు. దారిలో ట్రాం దిగి చేపలు కొని, మేడలో ఉన్న వాటాలన్నిటికీ పంచిపెట్టాడట. ఆ మాట చెబుతూ ఇన్సాఫ్ కళ్ళు తుడుచుకుంది. అబద్ధాన్ని మించిన మందు ఇంకొకటి లేదని మందులాయనకు అప్పుడు గట్టి నమ్మకం కుదిరింది.

ఈ సంగతి కోర్టు చూసుకునే ఇద్రీస్‌కు తెలుసు. ఆట అయ్యాక ఎర్రమట్టి మీద చాప లాగి గుర్తులు చెరిపేది అతనే. ఏ బంతి ఎక్కడ పడిందో మట్టి దాచుకోలేదు. ఇద్రీస్ మాత్రం దాచుకున్నాడు.

స్వీడన్ వాడి కబురు వచ్చిన ఆ మంగళవారం రాగిబ్ అయిదు నాలుగు ముందున్నాడు. లాంబ్రో పక్కగీత వెంట ఒక బంతి కొట్టాడు. ఎన్నాళ్ళకో కుదిరిన దెబ్బ. కొట్టిన మరుక్షణమే సంతోషించి, ఆ వెంటనే భయపడి, "బయట!" అన్నాడు.

రాగిబ్ కదల్లేదు.

మట్టి మీద పడ్డ బంతి ధబ్బుమంటుంది. మట్టిలో మేకులతో కొట్టిన గీతపట్టీ మీద పడ్డ బంతి ఛట్టుమంటుంది. చూపున్న లాంబ్రో ఆ తేడా ఏనాడూ పట్టించుకోలేదు. చూపు పోతున్నవాడు రెండేళ్ళుగా దాని మీదే బతుకుతున్నాడు.

రాగిబ్ రాకెట్ కింద పెట్టి పక్కగీత దాకా నడిచి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నలభై ఏళ్ళు పత్తి మార్కెట్టులో దూది నాణ్యం చెప్పిన చెయ్యి అది. రెండు వేళ్ళ మధ్య పోగు లాగి, పొడవు ఎంతో, ఏ జిల్లా పత్తో చెప్పేవాడు. ఆ వేళ్ళతో పట్టీ వెంట మెల్లగా తడిమాడు. ఒకచోట ఆగాడు. పట్టీ మీద దుమ్ము గీసుకుపోయి నున్నగా ఉంది, పక్కన మట్టిలో చిన్న సొట్ట. సగం గీత మీద, సగం లోపల.

"లాంబ్రో" అన్నాడు. ఖవాగా అనలేదు.

"దూరం కదా, సరిగ్గా కనబడలేదురా."

"కనబడనిది నాకు. నీకు కాదు."

అరచేత్తో ఆ గుర్తు చెరిపేశాడు. మట్టి కోర్టు మీద ఎవడైనా తన వైపు పడ్డ గుర్తు చెరిపితే, ఎదుటివాడికి పాయింటు ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత వాదన ఉండదు. లేచి మోకాళ్ళు దులుపుకుని, "ఇన్సాఫ్, ఇంటికి పోదాం పద" అన్నాడు. లాంబ్రో వల దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి రాగిబ్‌కు కనబడలేదో, కనబడినా అక్కర్లేదనుకున్నాడో తెలియదు.

తర్వాతి మంగళవారం అతను రాలేదు. లాంబ్రో బూట్లు వేసుకుని పన్నెండు గంటల దాకా బల్ల మీద కూర్చున్నాడు. ఇద్రీస్ నీళ్ళు చల్లి, రోలరు లాగి సిద్ధం చేసిన కోర్టు అలాగే ఎండిపోయింది. ఇంటికొస్తే చెల్లెలి ఉత్తరం. జవాబు రాద్దామని కలం తీశాడు. మంగళవారాలు ఖాళీ లేదని రాయడానికి చెయ్యి రాలేదు. అరవై ఐదేళ్ళ మనిషి, బల్ల మీద తల వాల్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాటినా పోయినప్పుడు కూడా పక్కన రాగిబ్ ఉన్నాడు.

గురువారం ట్రాం ఎక్కి వాళ్ళింటికి వెళ్ళాడు. ఇన్సాఫ్ తలుపు తీసింది.

"వచ్చావా అన్నయ్యా! తొమ్మిది రోజులుగా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఏం వండినా వంక పెడుతున్నాడు. మీరిద్దరూ కొట్టుకుంటారో చస్తారో, నా వంటింటి జోలికి మాత్రం రావద్దు."

రాగిబ్ బాల్కనీలో ఉన్నాడు. అడుగుల చప్పుడుకే పోల్చుకున్నాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు, కూర్చోమనకుండానే.

"ఈస్టర్ నుంచి."

"ఆరు నాలుగు?"

"అందులో అయిదారు బంతులు."

"చేపలు పంచానురా నేను! మేడంతా పంచాను! ఆ పైవాటా పళ్ళులేని ముసలామెకు ముళ్ళు తీయించి మరీ ఇచ్చాను!"

"తెలుసు."

"జూన్‌లో, గాలి బాగా వీచిన రోజు? ఏడు అయిదు?"

"అది నీదే. నిజంగా నువ్వే గెలిచావు. ఒట్టు."

"ఎలా నమ్మమంటావు?" అన్నాడు రాగిబ్. "కళ్ళు దేవుడు తీసుకున్నాడు, సరే, ఆయనతో ఏం తగాదా పడతాం! నువ్వు నా గెలుపులు తీసుకున్నావు. ఏది నాదో ఏది నువ్వు పడేసిన ముష్టో తెలియకుండా చేశావు. పాత ఫైనళ్ళు రెండూ రాత్రంతా తలుచుకుంటున్నానురా. అవైనా నావేనా అని."

లాంబ్రో నేల మీదే కూలబడ్డాడు. "నీకు జాలిపడి కాదురా. నాకు భయమేసి. వరసగా ఓడితే మానేస్తావని. నువ్వే అన్నావు కదా, చాల్లే, కుర్రాణ్ణి చూసుకో అని. నువ్వు రాకపోతే నాకెవరున్నారు?"

కింద వీధిలో ట్రాం గంట కొట్టుకుంటూ పోయింది.

"నాకంటే తెలివితక్కువవాడివని నలభై ఏడేళ్ళుగా చెబుతున్నా, ఎవరూ వినరు" అన్నాడు చివరికి. "చాల్లే ఇక అని నేను ఎన్నిసార్లు అనలేదు? ప్రతి ఏడూ అంటాను! ఓడినవాడు ఏదో ఒకటి అంటాడురా. నలభై ఏడేళ్ళు నీ చేతిలో ఓడాను. ఏ మంగళవారం రావడం మానేశాను?"

లాంబ్రో వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఆపేశాడు.

"ఓడించడం చేతకాకపోతే చెప్పు, వేరే ఎవణ్ణైనా చూసుకుంటాను. లేదూ, మంగళవారం వచ్చి సరిగ్గా ఆడు. ఇన్సాఫ్! వీడికి టీ ఇవ్వు. చక్కెర వెయ్యకు."

మంగళవారం పొద్దున సముద్రం మీంచి గాలి లేదు. ఇన్సాఫ్ బల్ల మీద కూర్చుంది. ఇద్రీస్ రోలరు పక్కన పెట్టి నిలబడ్డాడు. లాంబ్రో మొదటి బంతిని అలవాటుకొద్దీ మధ్యలోకి మెత్తగా వేశాడు.

"ఏమిట్రా అది, చంటిపిల్లలకిచ్చే దగ్గుమందా?" అని అరిచాడు రాగిబ్.

రెండో బంతి మూలకు కొట్టాడు. రాగిబ్ అటు తిరిగేలోపు దాటిపోయింది. "లోపల" అన్నాడు లాంబ్రో. ఇన్సాఫ్ చేత్తో నోరు మూసుకుంది. మసకలో వెతుక్కుంటున్న మనిషికి దూరంగా బంతి కొట్టడం కంటే కష్టమైన పని లాంబ్రో తన జీవితంలో చేయలేదు. అయినా కొట్టాడు. వల దాటీ దాటకుండా జారవిడిచాడు. తల మీంచి ఎత్తి వేశాడు. ఓడుతున్నకొద్దీ రాగిబ్ నోరు తెరుచుకుంది. ముసలిదొంగ అన్నాడు, నీ మోచెయ్యి విరగా అన్నాడు, నీ మందులు తాగి ఎంతమంది పోయారో అన్నాడు. రెండు వారాలుగా, నిజానికి ఈస్టర్ నుంచీ వినబడని తిట్లు అవి. లాంబ్రో చెవులకు హాయిగా ఉంది.

అయిదు సున్నా మీద, లాంబ్రో భుజం తిరిగిన తీరు పసిగట్టి రాగిబ్ ముందే పక్కకు జరిగాడు. ఎవరూ నమ్మని ఆ బ్యాక్‌హ్యాండ్ వేశాడు. బంతి కోర్టుకు అడ్డంగా వచ్చి లాంబ్రో వైపు గీత దగ్గర పడింది. ధబ్బో ఛట్టో లాంబ్రో వినిపించుకోలేదు. లోపలే పడిందనిపించింది. కానీ పడాలని కోరుకుంటున్నాడు కాబట్టి అలా అనిపించిందేమో? ఇప్పుడు నిజం చెప్పడం కూడా అంత తేలిక కాదు. కళ్ళజోడు తుడుచుకుని, వంగి, గుర్తు మీద ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. రాగిబ్ వల అవతల, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు.

"వేలెడంత లోపల!" అని కేక పెట్టాడు లాంబ్రో. "నీదేరా, నీ దుంపతెగ!"

ఆరు సున్నాతో ఆట ముగిసింది. రాగిబ్ వల దాకా తడుముకుంటూ వచ్చి చెయ్యి చాపాడు. ఎముకలు కలుక్కుమనేటట్టు లాంబ్రో చెయ్యి నొక్కాడు. మొహమంతా చెమట, మొహమంతా వెలుగు. ఓడిన మనిషి అంత సంతోషంగా ఉండటం ఇద్రీస్ అంతకుముందు చూడలేదు.

"నాలుగు పాయింట్లు" అన్నాడు రాగిబ్. "లెక్కపెట్టాను. నాలుగు."

"నాలుగే."

"నాలుగూ నావేనా?"

లాంబ్రో చెయ్యి వదలకుండానే తలూపాడు. అది అతనికి కనబడదని గుర్తొచ్చి, "నాలుగూ నీవేరా" అన్నాడు.

"అయితే ఇవాళ చేపలు కొనాలి" అన్నాడు రాగిబ్. "నువ్వు మాత్రం వచ్చే మంగళవారం కాస్త జాగ్రత్తగా ఉండు, ఖవాగా. అయిదు కొడతాను."