చదివి వినిపించిన డిగ్రీ

ఉతికిన బట్టలు మడతపెడుతూ నేను మేనేజ్‌మెంట్ డిగ్రీ చదివాను. మూడేళ్ళూ చదివాను. పట్టా మాత్రం మా మరిది పేరు మీద వచ్చింది.

దొంగతనంగా వెళ్ళి అతని పరీక్షలు నేను రాయలేదు, అంత ధైర్యం మా వంశంలోనే లేదు. మా మరిదికి పుస్తకం తెరిస్తే నిద్ర ముంచుకొస్తుంది. ఎవరైనా చదివి వినిపిస్తే మాత్రం ఇట్టే బుర్రకెక్కుతుంది. స్కూలు రోజుల్లో ఆ పని మా అత్తయ్య చేసేది. నేను కాపురానికి వచ్చాక ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "ఇక ఈ డ్యూటీ నీదే అమ్మాయ్, నీ గొంతు వినసొంపుగా ఉంటుంది" అంది. నా గొంతు బాగుందని అంతకుముందు ఎవరూ అనలేదు. పిచ్చిదాన్ని, మురిసిపోయాను. గాడిద చాకిరీ ఎప్పుడూ పొగడ్తతోనే మొదలవుతుందని ఆ వయసులో నాకేం తెలుసు.

అతను సోఫాలో వెల్లకిలా పడుకుని కాళ్ళు చేతిపట్టె మీద పెట్టుకునేవాడు. నేను కింద బట్టల కుప్ప ముందు కూర్చుని, పుస్తకాన్ని బుట్టకి ఆనించి, ఒక చొక్కా మడిచి రెండు వాక్యాలు చదివేదాన్ని. చేతులు ఖాళీ లేకపోతే మోచేత్తో పేజీ తిప్పేదాన్ని. కొరుకుడు పడని చోట అతను కళ్ళు మూసుకునే "అర్థం కాలేదు వదినా" అనేవాడు. నేను ఆగి, ముందు నాకు అర్థమయ్యేలా ఆలోచించుకుని, తర్వాత అతనికి చెప్పేదాన్ని. పని అప్పగించినప్పుడు అధికారం కూడా అప్పగించాలి అని ఒక పాఠంలో ఉంది. "అంటే ఎలా వదినా?" అన్నాడు. "మీ అన్నయ్య నన్ను కూరగాయలు తెమ్మంటారు. ఏం తేవాలో, ఎక్కడ తేవాలో ఆయనే చెప్తారు. అవి ముదిరిపోయి ఉంటే తప్పు మాత్రం నాది. ఇది అప్పగించడం కాదు, నెత్తిన రుద్దడం" అన్నాను. పడీ పడీ నవ్వాడు. పరీక్షలో అదే రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాడు. కూరగాయల బదులు ముడిసరుకు అని రాశాడట, అంతే తేడా.

ఇంకో పాఠం ఉంది. మనం ఒకటి ఎంచుకుంటే ఇంకొకటి వదులుకోవాల్సి వస్తుంది, ఆ వదులుకున్నదాని విలువే అసలు ఖర్చు, అని. "ఉదాహరణ చెప్పు వదినా" అన్నాడు. నాకు ఒక్క ఉదాహరణే తోచింది. నాకు పెళ్ళి చూపులు జరిగిన వారం కాలేజీలో సీట్లు ఇస్తున్నారు. "చదువెక్కడికీ పోదు, మంచి సంబంధం పోతుంది" అన్నాడు మా నాన్న. అది మరిదికి చెప్పలేదు. ఒక ఫ్యాక్టరీ, అందులో రెండు మిషన్లు, అంటూ ఏదో కథ అల్లి చెప్పాను. ఆ పూట మడతపెట్టిన బట్టలన్నీ వంకరగా వచ్చాయి.

అతను పాసయ్యాడు, ఉద్యోగం వచ్చింది. ఆ రోజు చుట్టాలందరినీ భోజనానికి పిలిచారు. మరిది లేచి నిలబడి, అమ్మ ఆశీర్వాదం, అన్నయ్య ప్రోత్సాహం అంటూ చక్కగా మాట్లాడాడు. ప్రోత్సాహం అంటే మా ఆయన ఫలితాలు వచ్చిన రోజు వాచీ కొనిపెట్టడం. తర్వాత అతని చూపు నా మీద పడింది. గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. నా వంతు కూడా వచ్చిందేమో అనుకున్నాను. "వదినా, మామయ్య గారికి ఇంకొంచెం కూర వెయ్యి" అన్నాడు. వేశాను. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు.

తర్వాత నేను పరదాల షాపులో చేరాను, మా పాప స్కూలు నుంచి వచ్చే వేళకి ఇంటికొచ్చేలా. గుడ్డ కొలవడం, బిల్లు రాయడం, పరదా వంకరగా కుట్టారని కోపంగా వచ్చిన వాళ్ళని చల్లబరచి పంపడం, అన్నీ నేర్చుకున్నాను. ఇన్‌ఛార్జి ఉద్యోగం ఖాళీ అయినప్పుడల్లా ఓనరు గారు నా వైపు జాలిగా చూసి "డిగ్రీ ఉంటే నిన్నే కూర్చోబెట్టేవాణ్ణమ్మా" అంటాడు. నిజంగానే కూర్చోబెట్టడం గురించే ఆ మాట. ఈసారి వచ్చిన ఇన్‌ఛార్జి కొత్తగా డిగ్రీ చేతికొచ్చిన కుర్రాడు. అతని కోసం కౌంటర్ వెనక ఉన్న ఒక్క కుర్చీ ఖాళీ చేయించి నాకు స్టూలు ఇచ్చారు. "ఆంటీ, లైట్ల స్విచ్ ఎక్కడ?" అన్నది అతను నాతో మాట్లాడిన మొదటి మాట. అతని మీద నాకు కోపం లేదు. నా కోపం ఆ స్టూలు మీద.

అందుకే షాపుకి రెండు వీధుల అవతల ఉన్న సాయంత్రం కాలేజీకి వెళ్ళి వివరాల పుస్తకం తెచ్చుకున్నాను. మేనేజ్‌మెంట్ డిగ్రీ, ఉద్యోగాలు చేసుకునే వాళ్ళ కోసం, వయసుతో పనిలేదు. పొద్దున్నే రెండు పూటల వంట చేసెయ్యడం, పాపని పక్కింటి పిల్లతో కలిసి ట్యూషన్‌లో ఉంచడం, అత్తయ్య మందులు డబ్బాలో వేళవారీగా సర్ది పెట్టడం, అన్నీ ఆలోచించుకున్నాకే భోజనాల దగ్గర బయటపెట్టాను. మగవాడు చదువుకుంటానంటే ఏం చదువుతావని అడుగుతారు. ఆడదాన్ని మాత్రం మరి ఇల్లెవరు చూస్తారని అడుగుతారు. ఆ జవాబు ముందే వండి పెట్టుకుని మరీ నోరు తెరిచాను.

"ఈ వయసులోనా? క్లాసులోకి వెళ్తే నిన్ను లెక్చరర్ అనుకుని పిల్లలంతా లేచి నిలబడతారు" అన్నారు మా ఆయన. అత్తయ్య "సాయంత్రం పూటే నాకు ఆయాసం వచ్చేది" అంది. మరిదికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టారు, ఇంట్లో చదువుకున్నవాడు అతనే కదా. అతను నెమ్మదిగా, పెద్దమనిషి తరహాలో చెప్పాడు. "మేనేజ్‌మెంట్ అంటే మామూలు విషయం కాదు వదినా. చాలా లోతు సబ్జెక్టులు. వాటిని పట్టుకోవడం అందరివల్లా కాదు. నీకెందుకొచ్చిన కష్టం?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ లోతుల్లో నిన్ను చెయ్యి పట్టుకుని నడిపించింది ఎవరురా అని అరవాలనిపించింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మా ఇంట్లో ఆ సామెత తిరగబడింది, చెప్పిన నేనే విన్నవాళ్ళందరికీ లోకువయ్యాను. అసలు వాళ్ళ దృష్టిలో నేను చదవలేదు. రేడియో పాట పాడితే రేడియోకి సంగీతం వచ్చని ఎవరైనా అంటారా? కంచాలు తీసి తోముతూ ఏడ్చాను, అదీ కోపంతోనే. పాప వచ్చి "ఉల్లిపాయలా అమ్మా?" అంది. అవునన్నాను.

వారం తిరక్కుండా మా ఆయన ఆ వివరాల పుస్తకం చేత్తో పట్టుకుని హుషారుగా వచ్చారు. ఆయన ఒక కంపెనీ గోడౌన్‌లో సూపర్‌వైజర్. డిగ్రీ మధ్యలో వదిలేసిన మనిషి. డిగ్రీ ఉన్నవాళ్ళకే ఇక మీద మేనేజర్ పోస్టు అని కంపెనీలో చెప్పారట.

"భలే ఆలోచన ఇచ్చావోయ్. నేనే చేరతాను" అన్నారు.

"నేను చేరతానన్నాను కదండీ" అన్నాను.

"ఇద్దరం సాయంత్రాలు బయట ఉంటే ఇల్లేం కాను? నాకైతే జీతం పెరుగుతుంది. నువ్వెలాగూ ఆ పుస్తకాలన్నీ ఒకసారి తిరగేశావాయె. తమ్ముడికి వినిపించినట్టే నాకూ వినిపించు. నీకు కూడా చదువుకున్నట్టే ఉంటుంది."

"అదీ మాటంటే" అంది అత్తయ్య. సాయంత్రం వచ్చే ఆయాసం ఏమైపోయిందో మరి. కొడుకు బయట ఉంటే రాదనుకుంటాను.

చదువుకున్నట్టే ఉంటుంది. ఆ మాట రోజంతా చెవిలో జోరీగలా తిరిగింది. నా బతుకంతా ఈ 'అట్టే'ల మీదే నడిచింది. మరిది కారు కొంటే నేను కొన్నట్టే. ఆడపడుచు ఊళ్ళు తిరిగొస్తే నేను చూసినట్టే. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది ఊడ్చుకుంటే నేనూ తిన్నట్టే. ఈయన మోసం చేద్దామని అన్నా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. నిజంగా నాకేదో మేలు చేస్తున్నాననే సంతోషం ఆ మొహంలో. నేను దాచుకున్న తలుపుని ఎత్తుకెళ్ళి తన గదికి బిగించుకుని, నీకూ గాలి వస్తుందిలే అన్నట్టుంది. ఒళ్ళు మండిపోయింది.

కాలేజీకి వెళ్ళేటప్పుడు నన్ను కూడా రమ్మన్నారు, ఏమైనా అడిగితే పక్కనుంటావని. ప్రవేశాలు చూసే లెక్చరర్ ఒకావిడ, నాకంటే నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. "మేనేజ్‌మెంటే ఎందుకు చదవాలనుకుంటున్నారు?" అని అడిగింది. మా ఆయన నా వైపు తిరిగారు. "చదివాక ఏం చేద్దామని?" అంది. మళ్ళీ నా వైపు తిరిగి, "చెప్పవోయ్" అన్నారు. గోడ మీద అంటించిన టైమ్‌టేబుల్ చూస్తూ కూర్చున్నాను. ఆవిడ మా ఇద్దర్నీ చూసి నవ్వి, "అయితే సీటు మీ ఆవిడకే ఇవ్వాలేమో" అంది. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది, ఆ నవ్వుకి. ఆయనకి సీటు వచ్చింది.

ఇంటికొచ్చి ఆ జోకు అత్తయ్యకి చెప్పారు, తమ్ముడికి ఫోన్లో చెప్పారు, పక్కింటాయనకి గుమ్మంలో నిలబడి చెప్పారు. చెప్పినకొద్దీ అది పెరిగింది. "మా ఆవిడ సిగ్గుతో తల దించేసుకుందండీ" అని కలిపారు చివరికి. నేను తల దించుకోలేదు. గోడ మీద టైమ్‌టేబుల్లో ఏ రోజు ఏ పాఠమో చదువుకుంటున్నాను.

మర్నాడు మధ్యాహ్నం షాపులో భోజన విరామంలో ఒక్కదాన్నే మళ్ళీ అక్కడికి వెళ్ళాను. ఆవిడ గుర్తుపట్టి "మీవారి సర్టిఫికెట్లు ఏమైనా మర్చిపోయారా?" అంది.

"నిన్న మీరన్న మాట జోకా మేడమ్, నిజమా?" అన్నాను.

ఆవిడ చేతిలోని పెన్ను కింద పెట్టింది. "జోకే. అలా అని ఉండకూడదు" అంది. కుర్చీ చూపించింది. "మరి మీరు చెప్పండి, చదివాక ఏం చేస్తారు?"

"షాపులో స్టూలు మీద కూర్చుంటున్నాను. కుర్చీలోకి మారతాను."

"తర్వాత?"

"ఆ కుర్చీ కూడా చాలదని చెప్తాను."

ఆవిడ నవ్వలేదు. నా ఇంటర్ మార్కులు ఎప్పటివని అడిగింది, చెప్పాను. ఇన్నేళ్ళు ఏం చేశారని అడిగింది, ఏమీ లేదండీ ఇంట్లోనే, అనబోయి నాలుక కరుచుకున్నాను. "ఈ కోర్సు మొత్తం ఒకరికి చదివి వినిపించానండీ" అన్నాను. నా జీతంలోంచి ఫీజు కట్టి, పుస్తకం కొనుక్కుని, విరామం అయ్యేలోపు షాపుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాను. ఆ పూట గుడ్డ రెండుసార్లు కొలవాల్సి వచ్చింది.

ఇంట్లో చెప్పలేదు. భయపడి కాదు. పనికిరాని ప్రతి మాటకీ మా ఇంట్లో ఒక సభ పెడతారు, ఈసారి సభ పెట్టనివ్వదలుచుకోలేదు.

క్లాసులు మొదలవబోయే ముందు రోజు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన సోఫాలో వాలి, అచ్చం తమ్ముడిలాగే కాళ్ళు చేతిపట్టె మీదికి చాపుకున్నారు. అత్తయ్య తన కుర్చీలో కునుకు తీస్తోంది. పాప కింద కూర్చుని బొమ్మకి రంగులు వేసుకుంటోంది. నేను కిందా కూర్చోలేదు, బట్టలూ ముందేసుకోలేదు. భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని పుస్తకం తెరిచాను.

"ఊఁ, మొదలుపెట్టు" అన్నారు కళ్ళు మూసుకుని.

మొదలుపెట్టాను. పెదవి కదపకుండా చదివాను. అదే మొదటి పాఠం, ఒకప్పుడు గొంతు బొంగురుపోయేదాకా అప్పజెప్పిన పాఠం. అప్పుడు మాటలన్నీ నా నోట్లోంచి బయటికి పోయేవి. ఇప్పుడు ఒక్కటీ బయటికి పోలేదు. అర్థం కాని చోట ఆగాను, ఎవరి కోసమూ ఉదాహరణ వెతకకుండా, నాకు తెలిసేదాకా అక్కడే ఉన్నాను. ఎంత సుఖమో అది.

"ఏమోయ్, గొంతు రావట్లేదా?" అన్నారాయన కళ్ళు తెరవకుండానే.

పేజీ పూర్తిచేసి తిప్పాను.

"నా పాఠం నేను చదువుకుంటున్నానండీ. రేపు నాకూ క్లాసుంది, సీటు తీసుకున్నాను. మీ పుస్తకం బల్ల మీదే ఉంది."

ఆయన లేచి కూర్చున్నారు. అత్తయ్య కునుకు చెదిరి కళ్ళు తెరిచింది. "మరి ఇల్లు? అమ్మ? పాప?" అన్నారు.

"ఆ ఆలోచన ఇన్నేళ్ళు నేను ఒక్కదాన్నే చేశాను. ఈ పూట మీరు చెయ్యండి."

"చదివితేనేమో నాకు బుర్రకెక్కదు, నువ్వు వినిపించకపోతే ఎలా పాసవుతాను?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, నిజమైన భయం ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను అడిగిన మొదటి నిజమైన ప్రశ్న అదేనేమో. అందుకే కాస్త ఆలోచించి, నిజమైన జవాబే చెప్పాను.

"మీ తమ్ముణ్ణి రమ్మనండి. అతనికి డిగ్రీ ఉంది కదా, చదివి వినిపిస్తాడు."